అద్దె సినిమాలు: బొమ్మ చీకటి, డైలాగు వినపడదు. తప్పు సినిమాదా, టీవీదా?

శనివారం_షో

అందరికీ నమస్కారం. ఈమధ్య రెంట్‌కి తీసుకుని చూసిన మూడు సినిమాల మీద నా అభిప్రాయాలు, వాటితోపాటు నాలుగు సందేహాలు. నేను మామూలు ప్రేక్షకుణ్ణి, సాంకేతిక విషయాలు పెద్దగా తెలీవు.

ఒపెన్‌హైమర్ (అణుబాంబు శాస్త్రవేత్త కథ): మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టింది. కానీ డైలాగులు సగం సంగీతం కింద నలిగిపోయాయి. కాసేపు రంగులు, కాసేపు నలుపు తెలుపు... ఎందుకో అంతు చిక్కలేదు. బాంబు పేలే సీన్లో సౌండ్ మొత్తం పోయింది. రిమోట్ వెతుక్కునేలోపు ఒక్కసారిగా ఢామ్మంది. యాప్ తేడానా?

రెండోది ఇంగ్లిష్ థ్రిల్లర్, పేరెందుకులెండి. కథంతా రాత్రిపూటే. 4కె రేటు కట్టినా నల్లటి చోటల్లా గళ్లు గళ్లుగా కనిపించింది. పైగా మనుషులు టీవీ సీరియల్లో తిరుగుతున్నట్టు నున్నగా కదులుతున్నారు.

మూడోది పాత తెలుగు నలుపు తెలుపు సినిమా. హాస్యం ఇప్పటికీ పండింది, పాటలకు వంక లేదు. కానీ అందరి మొహాలూ ఉబ్బినట్టున్నాయి.

నా దగ్గరున్నవి: 43 అంగుళాల 4కె టీవీ, సోఫా నుంచి 9 అడుగుల దూరం, 2.1 సౌండ్‌బార్ (ఆప్టికల్ వైరు). ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి హెచ్‌డీఎంఐతో టీవీకి కలుపుతాను. దేనికి రెంట్ కట్టొచ్చు, దేనికి ఆగితే మంచిది? రెంట్ సినిమాను 48 గంటల్లో చూసేయాలంటారు, ఆ లెక్క కూడా కాస్త చెప్పండి.

---

కేబుల్_కిట్టయ్య

ముందు ఆ ల్యాప్‌టాప్ పక్కన పెట్టండి. గళ్ల సంగతి చాలావరకు అక్కడే ఉంది.

అద్దె సినిమాలు ఎవరూ కాపీ చేయకుండా తాళం వేసి వస్తాయి. క్రోమ్, ఆండ్రాయిడ్‌లలో ఆ తాళం పేరు వైడ్‌వైన్. చిప్‌లోనే భద్రత ఉంటే ఎల్1, ఒట్టి సాఫ్ట్‌వేర్‌తో నడిస్తే ఎల్3. విండోస్ ల్యాప్‌టాప్‌లో క్రోమ్ మామూలుగా ఎల్3 కిందకే వస్తుంది. అలాంటి చోట సర్వీసులు 4కె ఇవ్వవు, కొన్నయితే 480పీ (బాగా తక్కువ స్పష్టత) దగ్గరే ఆపేస్తాయి. ఆ చిన్న బొమ్మను మీ టీవీ 4కెకి సాగదీసి చూపిస్తుంది. పగటి సీన్లలో సర్దుకుపోతుంది కానీ చీకటి సీన్లలో బండారం బయటపడుతుంది. వీడియోను కుదించేటప్పుడు మొదట కోత పడేది నలుపు భాగాలకే.

టీవీలోనే ఉన్న యాప్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అవండి. టీవీ పాతదై యాప్ నత్తనడక నడిస్తే, హెచ్‌డీఎంఐకి గుచ్చి యాప్‌లు నడిపే మంచి స్టిక్ ఒకటి పెట్టుకోండి. ఫోన్‌లో చూసేవాళ్లు "డీఆర్ఎం ఇన్ఫో" యాప్‌లో ఎల్1 ఉందో లేదో చూసుకోవచ్చు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన (వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి కంపెనీ తాళం తీసిన) ఫోన్లు ఎక్కువగా ఎల్3కి పడిపోతాయి.

ఇంకో మెలిక: 4కె రావాలంటే స్టిక్ నుంచి టీవీ దాకా మధ్యలో ఉన్న ప్రతి పెట్టెకీ హెచ్‌డీసీపీ 2.2 (హెచ్‌డీఎంఐ వైరులో బొమ్మను కాపీ చేయనివ్వని తాళం) ఉండాలి. స్టిక్‌ను పాత ఏవీ రిసీవర్‌కు (హోమ్ థియేటర్ పెట్టెకు) గుచ్చి అక్కడి నుంచి టీవీకి పంపితే బొమ్మ 1080పీకి (ఫుల్ హెచ్‌డీకి) దిగుతుంది, ఒక్కోసారి తెర నల్లగానే ఉండిపోతుంది. స్టిక్‌ను నేరుగా టీవీకే గుచ్చాలి.

నెట్ విషయానికొస్తే హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కెకి 15 ఉంటే నడుస్తుంది. ఇంట్లో ఇంకెవరైనా వైఫై వాడుతుంటే 25 ఉంచుకోండి. స్పీడ్ టెస్ట్ ఫోన్‌లో కాదు, టీవీ ఉన్నచోట టీవీలోనే చేయాలి.

---

వింటేనే_సినిమా

సౌండ్ సంగతి నేను చెప్తాను.

బాంబు సీన్‌లో నిశ్శబ్దం కావాలని పెట్టిందే, మీ యాప్‌కి ఏమీ కాలేదు. వెలుగు ముందొస్తుంది, చప్పుడు తర్వాత. 1945 జూలై 16న మొదటి అణుబాంబు పరీక్ష, ట్రినిటీ, జరిగినప్పుడు ఒపెన్‌హైమర్ ఉన్న బంకర్ పేలుడు చోటుకి సుమారు 9 కిలోమీటర్ల దూరం. చప్పుడు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి అక్కడికి చేరడానికి 27 సెకన్ల దాకా పడుతుంది. సినిమా ఆ ఎడాన్నే పట్టుకుంది. ఆ సీన్లో వాల్యూమ్ పెంచకండి, తర్వాత వచ్చే దెబ్బకి పక్కవాటా వాళ్లు తలుపు కొడతారు.

డైలాగుల విషయంలో తప్పు కొంత సినిమాది, కొంత మీ అమరికది. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ షూటింగ్‌లో నటులు పలికిన మాటే వాడతారు, తర్వాత స్టూడియోలో మళ్లీ చెప్పించడం ఆయనకు ఇష్టం ఉండదు. మన సినిమాల్లో అలా కాదు. దాదాపు అంతా డబ్బింగ్ థియేటర్లో చెప్పిందే కాబట్టి మాట ఎప్పుడూ సంగీతం మీద తేలుతూ ఉంటుంది. ఆ అలవాటున్న చెవికి ఒపెన్‌హైమర్ అరగొరగానే వినిపిస్తుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అందులో మొహమాటమేమీ లేదు.

ఇక అమరిక. 5.1 ట్రాక్ అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం చేసిన సౌండ్. అందులో మాటలు ప్రధానంగా మధ్య స్పీకర్లో ఉంటాయి. మీ 2.1 బార్‌లో కుడి, ఎడమ, సబ్‌వూఫర్ తప్ప మధ్య స్పీకరే లేదు. అందుకని మధ్యలోదాన్ని 3 డెసిబెల్స్ తగ్గించి కుడి ఎడమలకు పంచుతారు. అక్కడ అప్పటికే సంగీతం ఉంటుంది, వెనక స్పీకర్ల సౌండ్ కూడా వచ్చి అక్కడే పడుతుంది. మాట ఆ గుంపులో చిక్కుకుంటుంది.

ఇలా చేయండి:
1. ఆడియో మెనూలో 5.1, స్టీరియో రెండూ ఉంటే స్టీరియో ఎంచుకోండి.
2. ఆప్టికల్ తీసేసి, టీవీకి ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను బయటికి పంపేది) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి బార్‌కు వైరు వేయండి. యాప్‌లు ఎక్కువగా వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ అనే సౌండ్ రకం ఆప్టికల్‌లో పోదు. టీవీ దాన్ని మార్చి పంపాల్సి వస్తుంది, కొన్ని టీవీలు ఆ పని సరిగ్గా చేయవు.
3. సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపిన పెట్టెలు ఒకదాన్నొకటి నడిపించుకునే సదుపాయం) ఆన్ చేయండి. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది.
4. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎం (కుదించని మామూలు సౌండ్) పెట్టండి. 2.1 బార్‌కు అంతకంటే అక్కర్లేదు. పెదాలకీ మాటకీ పొంతన తప్పితే అదీ చాలాసార్లు దీంతోనే సర్దుకుంటుంది. బార్‌లోని ఏవీ సింక్ సౌండ్‌ను ఆలస్యం చేయగలదు తప్ప ముందుకు లాగలేదు.
5. సబ్‌వూఫర్ రెండు మూడు మెట్లు దించి, బార్‌లో వాయిస్ మోడ్ నొక్కండి. రాత్రి పదకొండు దాటాక నైట్ మోడ్ వాడితే గుసగుసకీ పేలుడుకీ మధ్య తేడా తగ్గుతుంది. పగలు మాత్రం వద్దు, సినిమా చప్పబడిపోతుంది.

---

రెండో_ఆట

నలుపు తెలుపు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఒపెన్‌హైమర్‌లో రంగుల్లో ఉన్నది ఒపెన్‌హైమర్ చూసింది. నలుపు తెలుపులో ఉన్నది ఆయనకు ఎదురు నిలిచిన అధికారి లూయిస్ స్ట్రాస్ వైపు నుంచి. నలుపు తెలుపు కనిపించగానే ఫ్లాష్‌బ్యాక్ అనుకుంటే తికమకే, ఎందుకంటే అందులో చాలా భాగం తర్వాతి కాలానిది. ఈ ఒక్క ముక్క తెలిసి చూస్తే రెండోసారి హాయిగా నడుస్తుంది. మీ 48 గంటలు అయిపోకుండా ఉంటే మొదటి అరగంట మళ్లీ చూడండి.

మీ థ్రిల్లర్ మనుషులు సీరియల్లోలా కదలడానికి కారణం టీవీలోని మోషన్ స్మూతింగ్. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ మధ్యమధ్యలో తనే ఫ్రేములు కల్పించి అతికిస్తుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. ఆపేయండి. క్రికెట్‌కు కావాలంటే సెట్‌టాప్ బాక్స్ ఉన్న హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు ఉంచుకుని యాప్‌లకు మాత్రం తీసేయొచ్చు, చాలా టీవీల్లో ఇన్‌పుట్‌కొక సెట్టింగ్ ఉంటుంది.

చీకటికి మూడు చోట్ల చూడండి. పిక్చర్ మోడ్ "వివిడ్" మీద ఉంటే "సినిమా" లేదా "ఫిల్మ్‌మేకర్"కి మార్చండి. ఎకో, పవర్ సేవింగ్, లైట్ సెన్సర్ ఉంటే అన్నీ ఆఫ్. గదిలో లైటు ఆపగానే ఈ సెన్సరే తెరను కూడా దించేస్తుంది, జనం సినిమాను తిడతారు. ఆ తర్వాత కూడా చీకటిగానే ఉంటే బ్యాక్‌లైట్ పెంచండి. బ్రైట్‌నెస్ అనే మీట ముట్టుకోవద్దు. చాలా టీవీల్లో అది పెంచేది వెలుగు కాదు, నలుపును బూడిదరంగు చేస్తుంది. మీరు చూసిన గళ్లు ఇంకా బాగా కనపడతాయి.

ఇక్కడ కిట్టయ్య గారితో చిన్న తేడా. ల్యాప్‌టాప్ తీసేసినా మీకు 4కె రెంట్ దండగే. 43 అంగుళాల తెర మీద 1080పీకి, 4కెకి తేడా కంటికి తెలియాలంటే ఐదున్నర, ఆరు అడుగుల లోపు కూర్చోవాలి. మీది 9. 4కెతో వచ్చే అసలు లాభం హెచ్‌డీఆర్, అంటే వెలుగు నీడల తేడాను ఇంకా బాగా చూపే పద్ధతి. తక్కువ ధర టీవీల్లో దానికి చాలినంత వెలుగు ఉండదు కాబట్టి, హెచ్‌డీఆర్ వెర్షన్ మామూలు హెచ్‌డీ కంటే చీకటిగా కనిపిస్తుంది. రాత్రి సీన్ల సినిమా అయితే మరీను. హెచ్‌డీ రేటు కట్టండి చాలు.

---

కేబుల్_కిట్టయ్య

@రెండో_ఆట 9 అడుగులకు మీ లెక్క ఒప్పుకుంటాను. 55, 65 అంగుళాల వాళ్లు దాన్ని పట్టుకోకూడదు.

---

పాతబొమ్మ

ఉబ్బిన మొహాల రోగం రెండు రకాలు. ఒకదానికి మందుంది, రెండోదానికి లేదు.

పాత నలుపు తెలుపు సినిమా బొమ్మ దాదాపు చదరం, 1.37కి 1. మీ టీవీ 1.78కి 1. ఉన్న బొమ్మను అడ్డంగా లాగితే మొహాలు ఉబ్బుతాయి. పైనా కిందా కోసి పెద్దది చేస్తే మొహాలు బాగుంటాయి కానీ 23 శాతం బొమ్మ పోతుంది. ఏది జరిగిందో తెలియాలంటే పేర్లు పడేటప్పుడు ఆపి, గుండ్రంగా ఉండాల్సిన వస్తువేదైనా చూడండి: బండి చక్రం, పళ్లెం, నుదుటి బొట్టు. కోడిగుడ్డులా కనిపిస్తే లాగారు. గుండ్రంగానే ఉండి పేర్ల పై వరస తెగిపోతే కోశారు.

లాగినదైతే టీవీ పిక్చర్ సైజ్ 4:3 పెట్టండి, పక్కల నల్ల పట్టీలు వచ్చి మొహాలు మామూలవుతాయి. యాప్ నడుస్తుండగా కొన్ని టీవీలు ఆ సెట్టింగ్ మార్చనివ్వవు. అప్పుడు మాత్రం మీ ల్యాప్‌టాప్ దారే నయం, ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ కాబట్టి 4:3 దొరుకుతుంది. కోసినదైతే చేసేదేమీ లేదు, వేరే ప్రింటు వెతుక్కోవాలి.

స్కోప్ (బాగా వెడల్పు బొమ్మ) సినిమాలది ఇంకా కష్టం. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974 నాటి అల్లూరి సీతారామరాజు. అలాంటి 2.35 బొమ్మను పాత 4:3 టీవీ కోసం కోస్తే 43 శాతం గల్లంతు. ఇప్పటి టీవీ నిండా పరిస్తే 24 శాతం. ఇద్దరు మాట్లాడుకునే చోట ఒకరి ముక్కు, ఇంకొకరి భుజం మిగులుతాయి. స్కోప్ సినిమాకు పైనా కిందా నల్ల పట్టీలు ఉంటేనే బొమ్మ పూర్తిగా వచ్చినట్టు. అవి చూసి జూమ్ నొక్కే అలవాటు మానుకోవాలి.

రెంట్ కట్టే ముందు నిడివి చూడండి. అసలు దానికంటే తక్కువగా ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు. పాత టీవీ మాస్టర్ (టీవీలో వేయడానికి చేసిన కాపీ) నుంచి తీసినవి కొన్ని 24కి బదులు 25 ఫ్రేములతో నడుస్తాయి, అంటే 180 నిమిషాల సినిమా 173కే అయిపోతుంది. ఏమీ కోయలేదు, పాటల శ్రుతి మాత్రం కాస్త పైకి పోతుంది. పాట నోటికొచ్చినవాళ్లు పల్లవిలోనే పట్టేస్తారు. 10, 20 నిమిషాలు తేడా ఉంటే పాటో, హాస్యం ట్రాకో ఎగిరిపోయినట్టే. రంగులేసిన వెర్షన్లతో కూడా జాగ్రత్త. 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులేసి విడుదల చేశారు, ఇప్పుడు రెండూ తిరుగుతున్నాయి. పోస్టర్ చూసి కట్టేయకండి, అది ఏ వెర్షనో వివరాల్లో చూసుకోండి. నా మట్టుకు వెన్నెల పాటలకు నలుపు తెలుపే అందం.

అన్నిటికంటే ముందు యూట్యూబ్‌లో వెతకండి. పాత తెలుగు సినిమాలు చాలావాటిని హక్కులున్న సంస్థలే ఉచితంగా పెట్టాయి. ప్రకటనలు భరిస్తే డబ్బు మిగులుతుంది.

---

రెండో_ఆట

48 గంటల లెక్క నేను పూర్తి చేస్తాను. సాధారణంగా కట్టిన రోజు నుంచి ప్లే నొక్కడానికి 30 రోజులు, నొక్కాక 48 గంటలు. కట్టే పేజీలో ఒకసారి సరిచూసుకోండి, కొన్ని సినిమాలకు తేడా ఉంటుంది. గడియారం మొదటిసారి ప్లే నొక్కినప్పుడే మొదలవుతుంది, పాజ్‌లో పెట్టినా డౌన్‌లోడ్ చేసినా ఆగదు. "వస్తుందో లేదో చూద్దాం" అని గురువారం రాత్రి రెండు నిమిషాలు నడిపితే శనివారం రాత్రికి అయిపోతుంది. సెట్టింగులన్నీ అదే యాప్‌లో ఉచిత సినిమాతో సరిచూసుకుని, శుక్రవారం రాత్రి తొమ్మిదికి నొక్కండి. ఆదివారం తొమ్మిది దాకా మీదే. పిల్లల సినిమాలకు ఇది లాభసాటి, ఎన్నిసార్లు చూసినా అదే రేటు. ఏదైనా తేడా ఉంటే రీఫండ్ మాట ప్లే నొక్కకముందే ఎత్తాలి.

దేనికి కట్టాలంటే, కొత్త తెలుగు సినిమాకు దాదాపు ఎప్పుడూ వద్దు. నెలా రెండు నెలల్లో ఏదో ఒక ఓటీటీలో చందాకే వచ్చేస్తుంది. హాలీవుడ్‌లో ఎడం ఎక్కువ. ఒపెన్‌హైమర్ 2023 నవంబర్ చివర్లో రెంట్‌కు వస్తే, చందాదారులకు జియోసినిమాలో 2024 మార్చిలో వచ్చింది. నాలుగు నెలలు ఆగలేనివాళ్లకు రెంట్ సబబే. వచ్చిన మొదటి వారాల్లో రేటు ఎక్కువ, తర్వాత దిగుతుంది. విడుదలప్పుడు రెంట్ తప్ప దారిలేని సినిమా కూడా ఒకటి వచ్చింది: సితారే జమీన్ పర్‌ను ఆమిర్ ఖాన్ ఓటీటీకి ఇవ్వకుండా 2025 ఆగస్టు 1న యూట్యూబ్‌లో 100 రూపాయలకు పెట్టారు. చందాకు వస్తుందో రాదో తెలియని అలాంటిదాని కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు.

---

శనివారం_షో

అందరికీ థాంక్సండీ. టీవీ యాప్‌కి మారాను, వైరు ఏఆర్‌సీకి వేశాను. ఒక్క సందేహం: ఇంగ్లిష్ సినిమాకు తెలుగు డబ్బింగ్ ట్రాక్ ఉంటే డైలాగుల బాధ తీరుతుందా?

---

వింటేనే_సినిమా

చాలావరకు తీరుతుంది. తెలుగు ట్రాక్ తరచుగా స్టీరియోలోనే ఇస్తారు, మాట కూడా పైకి వినిపిస్తుంది. కానీ వెనకాల గది చప్పుళ్లు, అడుగుల సవ్వడి పలచబడతాయి. కట్టే ముందు వివరాల్లో ఆడియో భాషలు చూడండి. కొన్నిచోట్ల ఒక్కో భాషకు ఒక్కో లిస్టింగ్ ఉంటుంది, ఇంగ్లిష్‌దానికి కడితే తెలుగు రాదు.