ఫ్యాక్స్ 'ఓకే' స్లిప్పు ఉంటే కాగితం చేరినట్టేనా?

ములుగు_రోడ్: ఇంట్లో పంచాయితీ. పాత లావాదేవీ ఒకదాంట్లో మా బాబాయి దగ్గర ఫ్యాక్స్ పంపినట్టు 'ఓకే' అని ఉన్న స్లిప్పు ఉంది. అవతలివాళ్లేమో మాకు అందలేదంటున్నారు. స్లిప్పు సాక్ష్యం అవుతుందా, కాదా?

బూత్_చౌరస్తా: హనుమకొండలో ఎస్టీడీ బూత్ నడిపినవాణ్ణి, చెప్తా వినండి. ఓకే అనేది మన మిషన్ సొంతంగా కొట్టే ముద్ర కాదు. మొదట మనది 1100 హెర్ట్జ్ కూత వేస్తుంది, అవతలిది 2100తో జవాబిస్తుంది. రెండూ కలిసి వేగం కుదుర్చుకుంటాయి. లైన్ బాగుంటే సెకనుకు 9600 బిట్లు, గరగర ఉంటే 4800, ఇంకా పాడైతే 2400. పేజీ అయిపోయాక అవతలి మిషన్ 'అందింది' అని సంకేతం పంపితేనే ఇక్కడ ఓకే పడుతుంది. అందలేదనడం ఒట్టి బుకాయింపు.

ఎనుమాముల_అడ్తి: బుకాయింపా? 98 సీజన్‌లో చపాటా మిర్చికి గుంటూరు ఖరీదుదారు ఫోన్‌లో రేటు చెప్పాడు. సాయంత్రంలోగా ఒప్పుకుంటున్నట్టు కాగితం పంపమన్నాడు. పంపించా. ఓకే స్లిప్పు ఇచ్చారు, డబ్బులు తీసుకున్నారు. తెల్లారి అతను ఫోన్ చేసి, మీ నుంచి తెల్ల కాగితం వచ్చింది, వేరేచోట కొనేశా అన్నాడు. బస్తాలు తక్కువకు అమ్ముకున్నా. మీ 'అందింది' ఏ గంగలో కలిసింది?

కాజీపేట_కుర్రోడు: మధ్యలో ఒక మాట. ఫ్యాక్స్ ఫోన్ కంటే పాతది! అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే పేటెంట్ తీసుకున్నాడు, బెల్ ఫోన్ పేటెంట్ 1876ది.

ఎనుమాముల_అడ్తి: అయితే ఏంది తమ్మీ? నా బస్తాలు 1843లో అమ్మలేదు.

కాజీపేట_కుర్రోడు: సంబంధం ఉందన్నా. ఇటలీ వాడు కసెల్లి పెట్టిన మిషన్‌తో 1865లో పారిస్ నుంచి లియాన్‌కు సర్వీసు మొదలైంది. దాన్ని ఎక్కువగా వాడింది బ్యాంకు సంతకాలు సరిచూడ్డానికే. అంటే అప్పట్నుంచీ ఫ్యాక్స్ నమ్మకం కోసమే.

బూత్_చౌరస్తా: అడ్తి గారూ, తెల్ల కాగితం వచ్చిందంటే అందినట్టే కదా! మీవాళ్లు పేజీ తిప్పి పెట్టారు. ఫ్యాక్స్ ఒక్కో గీతలో 1728 చుక్కలు చూస్తుంది. తెలుపు ఇన్ని, నలుపు ఇన్ని అని లెక్కకట్టి ఆ లెక్కే పంపుతుంది. 1980లో వచ్చిన గ్రూప్ 3 పద్ధతి ఇదే, ఆరు నిమిషాల పేజీ నిమిషంలోపు రావడానికి ఇదొక పెద్ద కారణం. ఖాళీ పేజీలో చెప్పడానికి ఏమీ ఉండదు, గబగబా అయిపోతుంది. మీ స్లిప్పులో సెకన్లు చూశారా?

నర్సంపేట_నాని: ఎదుటివాళ్ల మిషన్‌లో కాగితం అయిపోయినా ఓకే వస్తుంది. మెమరీలో దాచుకుని మనకు మాత్రం సరే అంటుంది. మా ఆఫీసులో చూశా.

ఎనుమాముల_అడ్తి: సెకన్లు నేను చూడాలా? పేజీ తిప్పి పెట్టింది నేను కాదు, కౌంటర్ వెనక కుర్చీలో కూర్చున్న పిల్లగాడు. నాకు మిర్చి తెలుసు, మిషన్ తెలవదు. తెలిసినవాడు చూడాలి. డబ్బు తీసుకున్నది దేనికి, బటన్ నొక్కడానికా?

బూత్_చౌరస్తా: ఇదీ అసలు సంగతి! స్లిప్పు మీద కాదు, మా మీద మీ కోపం. చేరినా చేరకపోయినా మీటర్ తిరిగేది, టెలిఫోన్ బిల్లు మేమే కట్టేవాళ్లం. 'పోలేదట' అని మర్నాడొచ్చి డబ్బులు వాపస్ అడిగినవాళ్లు ఎంతమందో. వాళ్లకు వెతుక్కుని స్లిప్పు చూపించేవాణ్ణి, అదే నాకు దిక్కు.

ఎనుమాముల_అడ్తి: ఆ స్లిప్పు మీ మీటర్‌కు సాక్ష్యం, నా కాగితానికి కాదు. పిల్లగాడు ఒక్క ఫోన్ చేసి 'సరిగ్గా కనిపిస్తుందా' అని అడిగితే పోయేది.

బూత్_చౌరస్తా: ఆ ఫోన్‌కు మళ్లీ పల్స్ ఎవరు కట్టాలి?

ఎనుమాముల_అడ్తి: నేను కట్టేవాణ్ణి. అడగలేదు.

ములుగు_రోడ్: పెద్దలారా, మరి మా బాబాయి స్లిప్పు?

నర్సంపేట_నాని: అందులో నంబర్, పేజీలు, పట్టిన టైమ్ ఉంటే ముందు వాటి ఫోటో తీసుకోండి. వేడి తగిలితే అక్షరాలు వచ్చే కాగితం అది, ఏళ్లు గడిస్తే వెలిసిపోతుంది. కాల్ కలిసిందని అది చెప్తుంది. అవతల చదివారా లేదా అన్నది వేరే రకంగా తేల్చుకోవాలి.

బూత్_చౌరస్తా: నేను మాత్రం పెద్ద ఒప్పందాల కాగితమైతే ఫోన్ చేసుకోండని నోటితో చెప్పేవాణ్ణి, గోడ మీద రేట్ల పక్కన రాసి కూడా పెట్టా.

ఎనుమాముల_అడ్తి: మీ గోడ మీద రాశారు సార్. నేను పోయింది వేరే బూత్‌కు.