వెండి నానో కణాల లెన్స్: ఎంటీటీలో 118 శాతం వస్తే పాసైనట్టేనా?

మద్దిలపాలెం_ఫార్మా:
వెండి నానో కణాలు కలిపిన హైడ్రోజెల్ కాంటాక్ట్ లెన్స్, ఎల్929 (ఎలుక) సెల్స్, ఎంటీటీ పరీక్ష (సెల్స్ ఎంతమేర బతికున్నాయో రంగుతో చూసేది). ఆరు లెన్సులు 10 మి.లీ. మీడియంలో 37 డిగ్రీల దగ్గర 24 గంటలు నానబెట్టి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టిన ఎక్స్‌ట్రాక్ట్. కంట్రోల్ 100 అయితే ఇది 118 చూపిస్తోంది. పాసయ్యే గీత 70 దాటింది కదా, నడుపూరులోని ఏఎంటీజెడ్ (వైద్య పరికరాల పార్కు)లో ల్యాబ్‌కి పంపేయొచ్చా?

గాజువాక_క్యూసీ:
అప్పుడే వద్దండి. ముందు మీ ఎక్స్‌ట్రాక్టే పల్చన. అర మిల్లీమీటరు కన్నా పల్చటి వస్తువుకి ఐఎస్ఓ 10993-12 (నమూనా తయారీ ప్రమాణం) ప్రకారం మి.లీ.కి 6 చ.సెం.మీ. ఉపరితలం ఉండాలి. 14 మి.మీ. వ్యాసం, 8.6 మి.మీ. బేస్ కర్వ్ (వంపు వ్యాసార్థం) ఉన్న లెన్స్‌ని చదునైన బిళ్ళగా లెక్కేస్తే రెండువైపులా కలిపి 3.1 చ.సెం.మీ. వస్తుంది, వంపుతో లెక్కేస్తే సుమారు 3.9. ఆరింటికి 23.4. అంటే పోయాల్సింది 3.9 మి.లీ., మీరు పోసింది 10.

ఇక ఆ ఫిల్టర్. గుంపుకట్టిన కణాలు దాని మీదే ఆగిపోతాయి, విడి కణాలూ పొరకి అంటుకుంటాయి. మీరు పరీక్షించాల్సిందాన్నే మీరు తీసేశారు. శుభ్రంగా, స్టెరైల్‌గా తయారుచేసి వడగట్టకుండా వాడండి.

సీతమ్మధార_సెల్‌కల్చర్:
118 వెనక ఇంకో సంగతి ఉండొచ్చు. పసుపు ఎంటీటీని బతికున్న సెల్స్ ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి, 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. నానో కణాలు కాంతిని పీల్చి చెదరగొడతాయి. కొన్ని పూతలు సెల్స్ లేకపోయినా ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. రెండూ అంకెను పెంచేవే. ఉత్త ఎక్స్‌ట్రాక్ట్‌కి కొన్ని వెల్స్ (ప్లేటులోని గుంటలు), సెల్స్ లేకుండా ఎక్స్‌ట్రాక్ట్-ఎంటీటీకి కొన్ని, చంపిన సెల్స్‌తో కొన్ని తప్పకుండా పెట్టండి. ఎంటీటీ వేసేముందు ఎక్స్‌ట్రాక్ట్ తీసేసి సెల్స్‌ని కడిగితే గొడవ చాలా తగ్గుతుంది. న్యూట్రల్ రెడ్ (బతికున్న సెల్స్ పీల్చుకునే రంగు)తో కూడా సరిచూడండి. ఎల్‌డీహెచ్ (చచ్చిన సెల్స్ నుంచి కారే ఎంజైమును కొలిచే పరీక్ష) మీద మాత్రం ఆధారపడొద్దు, వెండి అయాన్లు ఆ ఎంజైమునే పనిచేయనివ్వవు. చచ్చిన సెల్స్ లెక్కలోకి రావు.

మద్దిలపాలెం_ఫార్మా:
సెల్స్ లేని వెల్స్ పెట్టలేదండి. రేపే పెడతాను. వెండి ఎంత విడుదలవుతోందో పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం)లో కొలిస్తే చాలా?

ఐసీపీ_రుషికొండ:
చాలదు. క్లోరైడ్ తగలగానే వెండి అయాన్లు సిల్వర్ క్లోరైడై అడుక్కీ గోడకీ అంటుకుంటాయి. ఐసీపీ-ఎంఎస్ (లోహం ఎంతుందో కొలిచే యంత్రం)లో తక్కువ కనిపిస్తుంది. అలాగని క్లోరైడ్ మానేయలేం, కన్నీళ్ళలో ఉన్నదే అది. లైసోజైమ్, అల్బుమిన్ కలిపిన కృత్రిమ కన్నీటిలో తీయండి, ప్రోటీన్లు కణాలకి పొరలా పట్టి విడుదలనే మార్చేస్తాయి. కొలిచేముందు నైట్రిక్ ఆమ్లం ఒక్కటే పోస్తే సిల్వర్ క్లోరైడ్ కరగదు. హైడ్రోక్లోరిక్ బాగా ఎక్కువుంటే కరుగుతుంది, అరకొరగా పోస్తే ఇంకా చెడుతుంది. అయాన్లనీ కణాలనీ వేరుచేయడానికి 3 కిలోడాల్టన్ల స్పిన్ ఫిల్టర్ వాడండి. అదే ఫిల్టర్‌లో తెలిసినంత సిల్వర్ నైట్రేట్ కూడా నడిపి ఎంత పోతోందో చూడండి.

గాజువాక_క్యూసీ:
ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) సంగతి కూడా. దాన్ని కొలిచే రంగు మారే ఎల్ఏఎల్ కిట్ 405 నానోమీటర్ల దగ్గర చదువుతుంది, వెండి నానో కణాలు గట్టిగా పీల్చేదీ ఇంచుమించు 400 దగ్గరే. రంగు కాకుండా గడ్డకట్టడం చూసే జెల్ క్లాట్‌కి మారండి. ఏ పద్ధతైనా కలిపిన ఎండోటాక్సిన్ తిరిగి ఎంత దొరుకుతోందో చూడండి. అంకె వచ్చే పద్ధతుల్లో అది 50-200 శాతం మధ్య లేకపోతే ఆ ఫలితం పనికిరాదు.

సీతమ్మధార_సెల్‌కల్చర్:
పంపేటప్పుడు ఎక్స్‌ట్రాక్ట్ పంపకండి. 24 గంటల్లోపు వాడాలి, మద్దిలపాలెం నుంచి నడుపూరు దాకా ఈ ఎండలో తిప్పితే కణాలు గుంపుకడతాయి. సీలు తీయని బ్లిస్టర్లే ఇవ్వండి, అదీ ఆటోక్లేవ్ అయిన తుది లాటువే. వేడికి కణాల పరిమాణం మారుతుంది కాబట్టి ఆటోక్లేవ్‌కి ముందు లాటుతో చేసిన పరీక్ష లెక్కకి రాదు. అదే అచ్చులో వెండి లేకుండా పోసిన లెన్సులూ అన్నే ఇవ్వండి. విషం వెండిదో, పాలిమర్‌లో మిగిలిన మోనోమర్‌దో తేలేది వాటితోనే.