‘మాటలు వేయునేల’ – తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న

విజయవాడ, తెలుగు ఉపాధ్యాయిని:

సభ్యులందరికీ నమస్కారం. ఒక పద్యపాదం గురించి, దానితో ముడిపడిన పేరా రచన గురించి మీ అభిప్రాయం కావాలి. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొన్న తొమ్మిదో తరగతిలో పోతన గారి భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పే ‘మందార మకరంద’ పద్యం చెప్పాను. చివరి పాదంలోని ‘మాటలు వేయునేల’కు అర్థం రాయమంటే ఒక అమ్మాయి ‘మాటలను నేల మీద వేయడం’ అని రాసింది. తరగతంతా నవ్వింది. నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. ‘వేయు’ తనకు తెలుసు, ‘నేల’ తెలుసు. తెలిసిన రెండు మాటలను కలిపి అర్థం వెతుక్కుంది, గైడు తెరవలేదు. వేయు అంటే ఇక్కడ వెయ్యి అనీ, ఏల అంటే ఎందుకు అనీ, సంధిలో మధ్యన నకారం వినిపించడం వల్ల ‘నేల’ కనబడిందనీ చెప్పాను. వెయ్యి మాటలు ఎందుకు, అని భావం.

విని ఊరుకోలేదు. ‘వెయ్యి మాటలు వద్దనుకున్నప్పుడు ఆ ఒక్క మాటా ముందే చెప్పేయవచ్చు కదా టీచర్? నాలుగు పాదాలు ఎందుకు చెప్పినట్టు?’ అంది.

ఆ ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఎందుకంటే పిల్లల చేత పేరా రాయించలేక నేను పడుతున్న తంటా అంతా అందులోనే ఉంది. పేరాకు ఒక ప్రధాన వాక్యం ఉండాలి, దాన్ని బలపరిచే వాక్యాలు మూడో నాలుగో ఉండాలి, చివర ముగింపు ఉండాలి అని మాకు శిక్షణ తరగతుల్లో చెప్పారు. నేను పిల్లలకు చెబుతున్నాను. వాళ్లు తలలూపుతున్నారు. తర్వాత కృష్ణానది గురించి రాయమంటే ఇలా రాస్తున్నారు:

‘కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుట్టింది. మన విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఉంది. దానిని 1957లో ప్రారంభించారు. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ వెలసింది. దసరాకు భక్తులు చాలామంది వస్తారు. కావున నదులను కాపాడుకోవడం మనందరి బాధ్యత.’

ఒక్క అక్షరదోషం లేదు. ప్రతి వాక్యమూ నిజమే. బెంజి సర్కిల్ దగ్గర ఒకే సిటీ బస్సు ఎక్కిన ఆరుగురిలా ఉన్నాయి ఈ ఆరు వాక్యాలు. ఒకదానికొకటి ఏమీ కావు. ఇక ఆ చివరి ‘కావున’ దేని నుంచి వచ్చిందో రాసిన పిల్లవాడికే తెలియదు.

అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరుకుతుందేమోనని మళ్లీ పద్యం దగ్గరికే వెళ్లాను. అందరికీ కంఠస్థమే అయినా ఇక్కడ పెడుతున్నాను:

మందార మకరంద మాధుర్యమున దేలు
మధుపంబు బోవునే మదనములకు?
నిర్మల మందాకినీ వీచికల దూగు
రాయంచ సనునె తరంగిణులకు?
లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు
కోయిల సేరునే కుటజములకు?
పూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరకం
బరుగునే సాంద్ర నీహారములకు?
అంబుజోదర దివ్య పాదారవింద
చింతనామృత పాన విశేష మత్త
చిత్త మేరీతి నితరంబు జేరనేర్చు?
వినుత గుణశీల! మాటలు వేయునేల?

ఇన్నేళ్లుగా చెబుతున్న పద్యంలో ఇంతకుముందు చూడనిది ఒకటి కనిపించింది. ఇది సీసపద్యం, పైన రెండేసి వరుసలు కలిస్తే ఒక పాదం. ఆ నాలుగు పాదాల్లోనూ ‘వెళ్తుందా’ అనే ప్రశ్నే. కానీ నాలుగు చోట్లా క్రియ వేరు. పోవు, చను, చేరు, అరుగు. తుమ్మెద తేనెలో తేలుతోంది, రాయంచ అలల మీద తూగుతోంది, కోయిల మావిచిగురు తిని పరవశిస్తోంది, చకోరం నిండు వెన్నెలలో ఉంది. ఒకే ఆకారంలో నాలుగు వాక్యాలు, నాలుగింటిలోనూ ఒకే మాట రెండోసారి రాలేదు. గీతిలోకి, అంటే సీసం చివర వచ్చే నాలుగు చిన్న పాదాల్లోకి, వచ్చేదాకా ఇదంతా దేని గురించో చెప్పలేదు. ‘చిత్తము’ అన్న మాట అక్కడే మొదటిసారి వినబడుతుంది. అప్పుడు తుమ్మెదా, హంసా, కోయిలా, చకోరమూ వెనక్కి తిరిగి ఆ ఒక్క మాట చుట్టూ చేరతాయి.

మర్నాడు ఈ పద్యాన్నే బల్ల మీద పెట్టి పేరా పాఠం మొదలుపెట్టాను. వరదల గురించి రాయమన్నాను. ఆ అమ్మాయిది సింగ్‌నగర్. మొదట తనూ ‘వరదలు ప్రకృతి వైపరీత్యాలలో ఒకటి’ అనే మొదలుపెట్టింది. ‘ఇది నీ వాక్యం కాదు, గైడుది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు నువ్వు ఏం చూశావు? ఒకటే చెప్పు’ అన్నాను. ‘మెట్లు చూశాను’ అంది. ‘అయితే మెట్ల గురించే రాయి. మెట్లు దాటి బయటికి రావద్దు’ అన్నాను. ఆ పేరా ఇది, తల్లిదండ్రుల అనుమతి తీసుకునే పెడుతున్నాను:

‘ఆదివారం తెల్లవారేసరికి మా మొదటి మెట్టు మునిగింది. టిఫిను తినేసరికి రెండోది కనిపించలేదు. మధ్యాహ్నం నాన్న నాలుగో మెట్టు మీద కూర్చున్నారు, పాదాలు నీళ్లలో ఉన్నాయి. చీకటి పడకముందే బియ్యం డబ్బా పైకి మోశాం. మా ఇంటికి పదకొండు మెట్లు. ఆ రోజు అమ్మ వాటిని ఎన్నిసార్లు లెక్కపెట్టిందో.’

ఇప్పుడు నా సందేహాలు. ‘మాటలు వేయునేల’ లాంటి ముగింపు మాటలు మన భాషలో ఇంకా ఏమున్నాయి? ప్రధాన వాక్యం ముందుండాలా, చివర ఉండాలా? అమ్మాయికి ఏమని చెప్పను?

గుంటూరు, విశ్రాంత తెలుగు పండితులు:

అమ్మా, మంచి చర్చ ఎత్తారు. మొదటి సందేహం తేలిక. కావ్యాల్లో ‘వేయేల’ ఉంది, ‘పలుమాటలేల’ ఉంది, ‘పెక్కు మాటలేల’ ఉంది. ఇంట్లో ఇప్పటికీ ‘వెయ్యి మాటలెందుకు’, ‘ఒక్క ముక్కలో చెప్పాలంటే’ అంటూనే ఉన్నాం.

కానీ మీరు దాటేసిన చిక్కు ఒకటుంది. గీతి మూడో పాదంలో ‘చేరనేర్చు’ దగ్గరే భావం పూర్తయింది. నాలుగో పాదంలో కొత్త విషయం లేదు. ‘వినుత’లోని ‘వి’కి ‘వేయు’లోని ‘వే’తో యతి కుదిరింది, తేటగీతి పాదం నిండింది. అది పాదం నింపడానికి వేసినదే అని ఎవరైనా అంటే ఏం చెబుతారు? మీ విద్యార్థి రాసిన ‘కావున మనందరి బాధ్యత’కూ దీనికీ తేడా ఏమిటి?

సీసాన్ని పేరాకు నమూనాగా పెట్టడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. నాలుగు పాదాలూ చెప్పేది ఒకటే. పద్యంలో అది అందం. వచనంలో పిల్లవాడు ఒకే సంగతిని నాలుగుసార్లు తిప్పి రాస్తే మీరే కొట్టేస్తారు. మీ అమ్మాయి పేరా బాగుండటానికి కారణం సీసం కాదు, నీళ్లు పైకి రావడం. మొదటి మెట్టు తర్వాత రెండోది, రెండో దాని తర్వాత నాలుగోది. అక్కడ కాలం నడుస్తోంది. పద్యంలో కాలం నిలబడి ఉంది.

ఉపాధ్యాయిని:

మాస్టారూ, రెండో మాట పూర్తిగా ఒప్పుకుంటున్నాను. రేపటి పాఠంలో దాన్ని కలుపుతాను. నాలుగు వాక్యాలూ ఒకే దాని చుట్టూ ఉండాలి అన్నంతవరకే సీసాన్ని వాడుకుంటాను. ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి అడుగు ఎలా వేయాలో చెప్పడానికి మెట్లు చాలు.

మొదటిదానికి మాత్రం అడ్డు చెబుతాను. ‘కావున’ అన్న వాక్యం పేరాలో లేని కొత్త సంగతిని తెచ్చి చివర అతికిస్తుంది. ‘మాటలు వేయునేల’ ఏమీ తేదు. వింటున్న వ్యక్తి వైపు ముఖం తిప్పి, ఇంక చెప్పను అంటుంది. యతి కోసమే వచ్చిందనుకున్నా, వచ్చి చేసిన పని గొప్పది. అంతసేపూ తేనెలూ అలలూ చిగుళ్లూ వెన్నెలా తన్మయత్వంతో చెప్పినవాడు అక్కడ ఠక్కున ఆగాడు. ప్రహ్లాదుడు చిన్నపిల్లవాడు అన్న సంగతి నాకు ఆ పాదంలోనే బాగా తెలుస్తుంది. పిల్లలే అలా ఆగుతారు.

విజయవాడ, పత్రికలో పనిచేసి విరమించినవారు:

టీచర్ గారూ, మీ అమ్మాయి అడిగింది సబ్ ఎడిటర్ అడిగే ప్రశ్న. మా డెస్కులో కొత్తగా చేరినవారికి మొదటి రోజు నేర్పేది అదే. అసలు సంగతి ఇంట్రోలో, అంటే వార్త మొదటి వాక్యాల్లోనే రావాలి, తర్వాత ప్రాధాన్యం తగ్గే వరుసలో మిగతావి. దానికి కారణం అందం కాదు, అవసరం. పేజీలో చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోసేవాళ్లం. ఎక్కడ కోసినా అసలు సంగతి మిగలాలి. అదీకాక ఉదయం బస్సు కోసం నిలబడి చదివేవాడు రెండు వాక్యాలు చదివి పేజీ తిప్పేస్తాడు.

ఇప్పుడు ఆ సీసాన్ని కింది నుంచి కోసి చూడండి. గీతి పోతే నాలుగు పక్షులూ పురుగులూ మిగులుతాయి, చిత్తం పోతుంది. అంటే అది కోతకు లొంగని రచన. చివరిదాకా కూర్చుని వినేవారి కోసం కట్టినది. కాబట్టి ముందా, వెనకా అన్నదానికి ఒకే జవాబు లేదండీ. చదివేవారు తొందరలో ఉంటే ముందు. మీ మాట కోసం ఆగుతారన్న నమ్మకం ఉంటే చివర. సెలవు చీటీ రాసే పిల్లవాడు సీసపద్యం ఎత్తుగడతో మొదలుపెడితే కుదరదు కదా.

ఉపాధ్యాయిని:

సెలవు చీటీ ఉదాహరణ చాలా బాగుందండీ. అమ్మాయికి ఇదే చెబుతాను. నేను చేయబోయేది కూడా ఒకటి చెబుతాను. ప్రధాన వాక్యం ఎక్కడ పెట్టినా సరే, ముందు దాన్ని చిత్తు కాగితం మీద విడిగా రాసి నాకు చూపించమంటాను. పేరాలోకి అది రాకపోయినా పరవాలేదు. రాసేవారి దగ్గర ఉండాలి.

గుంటూరు, బ్రాడీపేట, ఒక తల్లి:

మేడమ్, మా బాబు పదో తరగతి. బడిలో ఇచ్చిన వ్యాసాలు బట్టీ పట్టిస్తున్నారు. ఇలా సొంతంగా రాస్తే పరీక్షలో మార్కులు పోతాయేమోనని భయం.

ఉపాధ్యాయిని:

అమ్మా, మీ భయం నాకు అర్థమవుతుంది. నేను మూల్యాంకనానికి వెళ్లినదాన్ని. కట్టలో వరసగా పేపర్లన్నీ ఒకే మొదటి వాక్యంతో వస్తుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. మధ్యలో ఒక పిల్లవాడి సొంత వాక్యం తగిలితే ఆగి చదువుతాం. అడిగిన విషయం దాటిపోకుండా, తప్పుల్లేకుండా రాయడం నేర్పించండి. రోజుకు ఒక్క పేరా చాలు. ఇంట్లో జరిగినదే రాయమనండి.

గుంటూరు, డిగ్రీ విద్యార్థి:

అందరికీ నమస్కారం. అసలు ‘పేరా’ అనే ఇంగ్లీషు మాట ఎందుకు? ‘అనుచ్ఛేదం’ అనో ‘ఖండిక’ అనో అంటే బాగుంటుంది కదా?

పండితులు:

నాయనా, ఖండిక అంటే చదివినవారికి చిన్న పద్యరచన గుర్తొస్తుంది. అనుచ్ఛేదం హిందీ వారికి అలవాటైన మాట, మన పిల్లల నోట నలగలేదు. పేరా నలిగింది. తోక తెగి, దీర్ఘం తీసుకుని, ‘పేరాలు’, ‘పేరాలో’ అని మన విభక్తులన్నీ పెట్టుకుని తిరుగుతోంది. ఇంకేం కావాలి?

దాని పుట్టుక కూడా తెలుసుకో. మూలం గ్రీకు. పక్కన రాసినది అని అర్థం. పాత గ్రీకు రాతప్రతుల్లో విషయం మారిన చోట అంచులో చిన్న అడ్డగీత గీసేవారు, ఆ గీత పేరు అది. తర్వాత గీత పోయి పేరు మిగిలింది. మన తాటాకుల మీద ఆ ఏర్పాటు కూడా తక్కువే. ఆకు మీద చోటు వృథా చేయలేక పద్యాలను కూడా పాదాలుగా విడదీయకుండా ఏకబిగిన రాసుకుపోయేవారు. పాదం ఎక్కడ తెగుతుందో యతిప్రాసలూ గణాలూ చెవికి చెప్పేవి. వచనానికి ఆ సాయం లేదు. అందుకే వచనం రాసేవాడు తెంపు ఎక్కడో తనే చూసుకోవాలి.

ఇంతకూ అమ్మా, మీ విద్యార్థి పేరాలో నాకొక వెలితి ఉంది. అమ్మ మెట్లు లెక్కపెట్టింది, సరే. ‘మాకు చాలా భయం వేసింది’ అన్న వాక్యం ఎక్కడా లేదు. మీరు కొట్టించారా, అమ్మాయే రాయలేదా? ఒక్క వాక్యం ఉంటే నిండుగా ఉండేదేమో.

ఉపాధ్యాయిని:

మాస్టారూ, నేను కొట్టించలేదు. మీ మాట చదివాక ఇవాళ తననే అడిగాను. పండితుల వారు ఇలా అంటున్నారమ్మా, ఆ వాక్యం కలుపుతావా అని. కాసేపు ఆలోచించి, ‘భయం అమ్మకు వేసింది టీచర్. నాకు వేయలేదు. నేను నీళ్లలో చేపల కోసం చూస్తున్నాను’ అంది. మరి అది ఎందుకు రాయలేదంటే, ‘మెట్లు దాటి బయటికి రావద్దన్నారు కదా’ అంది.

‘అయితే అది ఇంకో పేరా’ అన్నాను. మీరు చెప్పిన గ్రీకు గీత సంగతి కూడా చెప్పాను. నోటుపుస్తకం తెరిచి, అంచులో చిన్న అడ్డగీత గీసి, అక్కడే నిలబడి మొదటి వాక్యం రాసింది: ‘మూడో మెట్టు మీద ఒక చేపపిల్ల దారి తప్పి తిరుగుతోంది.’