50 ఎం.ఎం. ఎఫ్ 1.8తో గ్రూప్ ఫొటో: వెనక వరుస ఎందుకు మెత్తబడుతోంది?

కొత్త_ఫ్రేము: ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్ కెమెరా, 50 ఎం.ఎం. లెన్స్. పెళ్లి స్టేజీ మీద రెండు వరుసల గ్రూపు, 5 మీటర్ల దూరం. ఎఫ్ 1.8 (లెన్స్ రంధ్రం సైజు; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), షట్టర్ 1/125 సెకను, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400. కుర్చీల్లో ఉన్నవాళ్లు షార్ప్‌గా వచ్చారు, వెనక నిలబడ్డవాళ్ల మొహాలు మసకగా ఉన్నాయి. వ్యూఫైండర్‌లో అందరూ బాగానే కనిపించారు. లెన్స్‌లో ఏమైనా తేడానా అండీ?

వెలుతురు_లెక్క: లెన్స్ బాగానే ఉందండీ. బ్లర్ సర్కిల్ (కంటికి ఇంకా షార్ప్‌గానే అనిపించే మసక చుక్క సైజు) 0.02 ఎం.ఎం. అనుకుంటే, ఆ దూరంలో ఎఫ్ 1.8కి డెప్త్ (షార్ప్‌గా కనిపించే లోతు) మొత్తం 73 సెం.మీ. అందులో ఫోకస్ పెట్టిన చోటుకి ముందు 34, వెనక 39. కుర్చీల వెనకవాళ్ల మొహాలు 60–70 సెం.మీ. వెనకుంటాయి, అందుకే దొరకలేదు. ఎఫ్ 4 పెడితే వెనకవైపు 95 సెం.మీ. వస్తుంది. లెక్కకి చాలు గానీ, ఆ అంచు దగ్గర మొహం పర్లేదనిపిస్తుంది, అంతే. ఎఫ్ 5.6 పెట్టండి, వెనకవైపు దాదాపు 1.4 మీటర్లు దొరుకుతుంది.

అయితే వెలుతురు పదో వంతుకి పడిపోతుంది. షట్టర్ 1/125 కంటే తగ్గించొద్దు, గ్రూపులో ఎవరో ఒకరు కదులుతూనే ఉంటారు. ఐఎస్ఓ 4000కి వెళ్లండి, లేదా ఫ్లాష్‌ని తెల్ల సీలింగ్ మీదకి తిప్పి బౌన్స్ చెయ్యండి. పైన రంగు షామియానా ఉంటే మాత్రం వద్దు, ఆ రంగంతా మొహాల మీదే పడుతుంది.

వైడ్_వాలా: ఇంత లెక్కెందుకు, 35 ఎం.ఎం. పెట్టేయండి. వైడ్‌లో డెప్త్ ఎక్కువ.

వెలుతురు_లెక్క: నిలబడ్డ చోటే ఉంటే నిజమే. కానీ గ్రూపు ఫ్రేము నిండా రావాలని 3.5 మీటర్లకి దగ్గరవుతారు కదా, అప్పుడు డెప్త్ మళ్లీ ఆ 70 చిల్లర సెంటీమీటర్లే.

స్టూడియో_మూల: వ్యూఫైండర్ సంగతి ఎవరూ చెప్పలేదు. అందులో బొమ్మ పడే మామూలు ఫోకసింగ్ స్క్రీన్ సుమారు ఎఫ్ 2.8 కంటే పల్చటి డెప్త్‌ని చూపించదు. లెన్స్ ఎఫ్ 1.8 దగ్గరున్నా ఉన్నదానికంటే ఎక్కువ షార్ప్‌గా కనిపిస్తుంది. లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) డెప్త్ ప్రివ్యూ బటన్ (లెన్స్‌ని మీరు పెట్టిన ఎఫ్‌కి మూసి చూపించేది) నొక్కి, 10 రెట్లు జూమ్ చేసి, వెనక వరుసలో చివరి మనిషి కళ్లు చూడండి.

కుర్చీలు అర్ధచంద్రంలా కాకుండా నేరుగా వేయించండి. ఫోకస్ పడే తలం సెన్సర్‌కి సమాంతరంగా ఉంటుంది, ఒంపు తిరిగితే చివరివాళ్లు దాన్నుంచి బయటికొస్తారు. వెనకవాళ్లని కుర్చీలకి ఆనుకుని కాస్త ముందుకి వంగమంటే ఓ 20 సెం.మీ. కలిసొస్తుంది. మూడు వరుసలైతే మధ్య వరుస మీద ఫోకస్, ఎఫ్ 8. ఎఫ్ 16 దాకా పోవద్దు, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది.