స్లాబు పోయకముందే సోలార్ విషయంలో ఏమేం తేల్చుకోవాలి?

బెజవాడ డాబా:
విజయవాడలో 200 గజాల స్థలం, జీ ప్లస్ 1. ప్లాన్ ఇంకా కాగితం మీదే ఉంది. ఐదుగురం, నెలకు 350 యూనిట్లు కాలుతుంది. సోలార్ ప్యానెళ్లు, సోలార్ గీజరు, చిన్న గాలిమర అనుకుంటున్నాం. వాస్తు ప్రకారం మెట్ల గది, దాని మీద ట్యాంకు నైరుతిలో వస్తున్నాయి. ఇప్పుడే ఏవి ఖాయం చేయాలండీ?

నీడలెక్క:
గాలిమర వదిలేయండి. గాలి వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇళ్ల మధ్య గాలి సుడి తిరుగుతుందే గానీ నిలకడగా వీయదు.

కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు, కాబట్టి 3 కిలోవాట్లు చాలు. 540 వాట్లవి ఆరు ప్యానెళ్లు, నడవడానికి దారితో కలిపి 300 చదరపు అడుగులు.

అసలు చిక్కు నైరుతితోనే. డిసెంబరులో మధ్యాహ్నం 3 గంటలకు నీడ ఎత్తుకు 1.7 రెట్లు సాగి ఈశాన్యం వైపు పడుతుంది. మెట్ల గది 8 అడుగులు, ట్యాంకు 5 అనుకుంటే 22 అడుగుల నీడ! ప్యానెల్‌లోని సెల్స్ గొలుసులా ఒకదానికొకటి కలిపి (సిరీస్‌లో) ఉంటాయి కనుక మూలన పడ్డ నీడకే నష్టం ఎక్కువ. ట్యాంకును కదపనక్కర్లేదు, ఆగ్నేయం ఖాళీగా ఉంచండి. వేసవి సాయంత్రాల్లో అక్కడికీ నీడ వస్తుంది, కానీ అప్పటికి ఎండ పస తగ్గిపోతుంది.

కాలమ్ రాడ్డు:
అందరూ బరువు గురించి అడుగుతారు. ప్యానెల్ చదరపు మీటరుకు 12 కిలోలే. భయపడాల్సింది గాలికి. కట్టడాల మీద పడే భారాలకు మన దేశ ప్రమాణం ఐఎస్ 875; దాని మూడో భాగంలో విజయవాడకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి. కాలమ్‌లు, బీముల మీద వచ్చేలా పెడెస్టల్స్ (ప్యానెల్ స్టాండు నిలిపే పొట్టి కాంక్రీటు దిమ్మెలు), ఫౌండేషన్ బోల్టులు స్లాబుతోనే పెట్టించండి. తర్వాత డ్రిల్లు వేస్తే వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతిని అక్కడే కారుతుంది.

డాబా నుంచి మీటరు దాకా వైర్ల కోసం రెండు ఖాళీ కండ్యూట్లు (పైపులు) దించండి. డీసీకి (ప్యానెళ్ల వైపు), ఏసీకి (ఇన్వర్టరు తర్వాత ఇంటి వైపు), పిడుగుకు విడివిడిగా మూడు ఎర్త్ పిట్లు. టైల్స్ పరిచాక తవ్వాలంటే ఏడుపే.

వేడినీళ్లు:
గీజరుకు నా ఓటు లేదు. బెజవాడలో వేడినీళ్లు కావాల్సింది కొన్ని నెలలే, ఆ డబ్బుతో ఇంకో ప్యానెల్ మేలు. పెట్టాలనే ఉంటే 200 లీటర్లది చాలు. పంపు లేకుండా నడవాలంటే చన్నీళ్ల ట్యాంకు అడుగుభాగం గీజరు ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేసి, పైన ఇన్సులేషన్ చుట్టించండి. ముప్పావు అంగుళం పైపు 15 మీటర్లు సాగితే, తిప్పిన ప్రతిసారీ దాదాపు 4 లీటర్లు చల్లగానే పోతాయి. బాత్రూమ్‌లు ఒకదాని కింద ఒకటి రావడం అందుకే ముఖ్యం.

బెజవాడ డాబా:
కరెంటు పోతే ఇల్లు దీని మీద నడుస్తుందా?

నీడలెక్క:
మామూలు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపి నడిచే) ఇన్వర్టరైతే నడవదు. లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని అదే ఆగిపోతుంది. కరెంటు పోయినా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలంటే గాలాడే నీడచోటు ఒకటి ప్లాన్‌లో ఇప్పుడే గీయించండి.