రెండు వారాల మంచినీళ్లు ఇంట్లో దాచాలా? సంపు ఉంటే చాలదా?

హంద్రీగట్టు (కర్నూలు):
మా మరిది అమెరికాలో ఉంటాడు. తుఫాన్లకీ వరదలకీ ముందుగానే మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్ల నీళ్లు దాచుకోమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుందట. కనీసం 3 రోజులకు, వీలైతే 2 వారాలకు. మేం ఐదుగురం. రెండు వారాలకు 280 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 14. మా ఆయనేమో "సంపులో ఐదు వేల లీటర్లుంటే ఈ క్యాన్లెందుకు" అంటున్నారు. నేను ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

ఎర్రనేల (అనంతపురం):
అక్కా, నీళ్లు దాచుకోమని మనకు ఎవరో చెప్పాలా? మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితేనే గొప్ప. కొళాయి వచ్చిన రోజు ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపుకునే అలవాటు మా అవ్వ కాలం నుంచీ ఉంది. మనకు వచ్చే కష్టం కరువు. ఎండాకాలంలో బోరు ఎండిపోతే 280 లీటర్లు ఏ మూలకు? స్నానాలు, గిన్నెలు, బాత్‌రూమ్ అన్నీ ఉంటాయి కదా. అన్న చెప్పిందే నిజం. ఆ క్యాన్ల డబ్బు పెట్టి సంపు ఇంకొంచెం పెద్దది చేసుకోండి.

హంద్రీగట్టు:
తమ్ముడూ, కరువుకు నువ్వు చెప్పింది నిజమే. కానీ నేను 2009 అక్టోబర్ 2 చూసినదాన్ని. అప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్లం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చేశాయి. చీకటి పడేసరికి కింది ఇంట్లో నీళ్లు సజ్జ దాకా లేచాయి. అందరం మిద్దె ఎక్కాం. సంపు నిండుగానే ఉంది, కాకపోతే వీధి కాలువ నీళ్లూ, మరుగుదొడ్ల నీళ్లూ అందులోనే కలిశాయి. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. మిద్దె మీద అప్పటికి మాకు ట్యాంకు లేదు.

పొద్దున అత్తమ్మ పట్టి పెట్టిన రెండు ఇత్తడి బిందెలను మా ఆయన భుజాన పెట్టుకుని పైకి తెచ్చారు. తొమ్మిది మందికి ఆ రెండు బిందెలే. చిన్న స్టీలు గ్లాసుతో పిల్లలకు నిండా, మాకు సగానికి పోసేది అత్తమ్మ. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, మేం మాత్రం నాలుక తడుపుకుంటూ కూర్చున్నాం. వరద తగ్గాక సంపు మూత తీస్తే అడుగున జానెడు బురద, అందులో చచ్చిన పందికొక్కు. దాన్ని కడిగి, బ్లీచింగ్ పౌడర్ వేసి, మళ్లీ కడిగి వాడుకోవడానికి ఎన్నో రోజులు పట్టింది. సంపు ఉండేది నేల కింద. వరద వస్తే మొదట పోయేది అదే.

బుగ్గవంక (కడప):
అక్క మాటే నాదీ. మా ఊళ్లో వాగు పొంగినా ఇదే కథ. అయితే నేను ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను, నా భయం ఇంకొకటి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలా నిల్వ ఉన్న మంచినీళ్లలోనే. మూత సరిగ్గా లేని డ్రమ్ములోకి టార్చి వేసి చూడండి. సన్న దారప్పోగుల్లాంటి పురుగులు తల కిందికి వేలాడుతుంటాయి. మన నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కు పోతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లు పారబోసే రోజు అని మేం ఇంటింటికీ తిరిగేది. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు డ్రమ్ము గోడకు అతుక్కుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి, పీచుతో రుద్దాల్సిందే. బిగుతుగా మర మూత ఉన్న క్యాన్లయితే నాకు అభ్యంతరం లేదు. నోరు తెరిచిన డ్రమ్ములు మాత్రం వద్దు.

అద్దెగది (కర్నూలు):
మాది మూడో అంతస్తులో ఒకే గది, వంటిల్లు. 14 క్యాన్లంటే 280 కిలోలు. మేం ఎక్కడ పడుకోవాలి? ఇల్లుగలవాళ్లు మిద్దె మీదికి పోనివ్వరు. కావాలంటే ఆర్‌ఓ ప్లాంటు నుంచి నాలుగు క్యాన్లు తెచ్చి మంచం కింద పెట్టుకోగలను. అంతకుమించి కాదు.

బుగ్గవంక:
తమ్ముడూ, నెలల తరబడి దాచడానికి ఆర్‌ఓ నీళ్లు వద్దు. అందులో క్లోరిన్ మిగలదు. ఒకసారి మూత తీశాక క్రిమి చేరితే ఆపేది ఏమీ ఉండదు. క్లోరిన్ వాసన వచ్చే మున్సిపాలిటీ కొళాయి నీళ్లే నిల్వకు మేలు. క్యాను సబ్బుతో కడిగి, నిండా పట్టి, ఎండ తగలని చోట పెట్టు. తారీఖు రాసి ఆర్నెల్లకోసారి మార్చు. పురుగుమందు, కిరోసిన్ పోసిన డబ్బాలు ఎంత కడిగినా వాడొద్దు.

ఎర్రనేల:
సరే, వరదకు సంపు పనికిరాదు, ఒప్పుకుంటున్నా. కానీ ఎంత దాచినా ఒకరోజు అయిపోతాయి. అప్పుడు దొరికిన నీళ్లే కాచుకుని తాగాలి కదా? కాచడం వస్తే దాచడం ఎందుకు?

హంద్రీగట్టు:
గ్యాసు బండ కింది ఇంట్లో మునిగిపోయింది తమ్ముడూ. దేంతో కాచాలి?

బుగ్గవంక:
కాచడం మంచిదే. తెర్లి, ఒక నిమిషం బాగా మరగాలి. కానీ మరిగిస్తే క్రిములు చస్తాయి, డీజిల్, పురుగుమందు లాంటివి పోవు. మీ అనంతపురం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పోదు, పైగా నీరు ఆవిరై చిక్కబడుతుంది. గ్యాసు లేనప్పుడు క్లోరిన్ బిళ్లలు వాడాలి. ముందు నాలుగు మడతల నూలు బట్టలో వడకట్టండి, బురద ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. బిళ్ల ఎన్ని లీటర్లకో కవరు మీద ఉంటుంది. వేశాక అరగంట ఆగాలి. వానాకాలంలో మీ ఆశా కార్యకర్తను అడిగి చూడండి.

అద్దెగది:
మూడు రోజులకైతే మా ముగ్గురికి 36 లీటర్లు. రెండు క్యాన్లు. అది నా వల్ల అవుతుంది.

ఎర్రనేల:
నా మాట నేను మార్చుకోను, మా ఊరికి పెద్ద సంపే. బిళ్లల కవరు మాత్రం రేపే తెస్తా.

హంద్రీగట్టు:
20 లీటర్ల క్యాను అత్తమ్మ ఎత్తలేదు, అందుకే పది లీటర్లవి ఆరు కొంటున్నాను. ఐదుగురికి సరిగ్గా మూడు రోజులు. పెట్టేది కింద కాదు, పై గదిలో, అత్తమ్మ మంచం పక్కన. రెండు వారాల సంగతి మా ఆయనతో ఇంకా తేలలేదు.