విండోస్‌లో ఎస్ఎంబీ1ను ఎప్పుడు ఆపి ఉండాల్సింది?

చర్చ మొదలుపెట్టినవారు:
నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి 1980ల నుంచి వాడుకలో ఉన్న ఎస్ఎంబీ1 అనే ప్రోటోకాల్‌కు (కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతికి) బదులుగా ఎస్ఎంబీ2 విండోస్ విస్టాతోనే వచ్చింది. అయినా 2017 అక్టోబరులో విండోస్ 10 వెర్షన్ 1709 విడుదలయ్యేదాకా పాతది కూడా డిఫాల్టుగా, అంటే ఎవరూ ఎంచుకోకపోయినా, వస్తూనే ఉంది. ఇలాంటి సెట్టింగును ఎప్పుడు ఆపాలి?

చిన్న ఆఫీసుల నెట్‌వర్క్ చూసేవారు:
వాడేవారు ఉన్నంతకాలం ఆపకూడదని నా అభిప్రాయం. స్కాన్ చేసిన కాగితాన్ని షేర్డ్ ఫోల్డర్‌లోకి పంపే పాత జిరాక్స్ మెషిన్లలో చాలావాటికి ఎస్ఎంబీ1 తప్ప మరొకటి తెలియదు, వాటికి కొత్త ఫర్మ్‌వేర్ (మెషిన్ లోపలి సాఫ్ట్‌వేర్) కూడా రాదు. అప్‌డేట్ పడిన మర్నాడు స్కానింగ్ ఆగిపోతే, కారణమేమిటో ఆ ఆఫీసులో ఎవరికీ అంతుపట్టదు.

సర్వర్ నిర్వాహకులు:
ఆ ఇబ్బంది నిజమేనండీ. అయితే డిఫాల్టుగా ఆపడం వేరు, పూర్తిగా తొలగించడం వేరు. ఎస్ఎంబీ1 తప్ప వేరే దారి లేని విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనూ, విండోస్ సర్వర్ 2003కు 2015 జూలైలోనూ మద్దతు ముగిసింది కనుక, ఎంబెడెడ్ రకాలను (యంత్రాల్లో అమర్చే విండోస్‌లను) పక్కన పెడితే, ఆ జూలై తర్వాత దాన్ని అందరికీ తెరిచి ఉంచడానికి తగిన కారణం లేదు. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ఎస్ఎంబీ1లోని లోపాన్ని వాడుకుని సరిగ్గా ఆ తలుపులోంచే వచ్చింది. మార్చి 14నే ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ విడుదలైనా వేసుకోనివారు ఎందరో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఎస్ఎంబీ1 ఉందనే తెలియనివారు కూడా దాని మూలంగా నష్టపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చిన్న ఆఫీసుల నెట్‌వర్క్ చూసేవారు:
కానీ వానాక్రై సోకినవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లు. కొత్త వెర్షన్‌లో డిఫాల్టు మార్చితే వాటికి ఏం ఒరిగేది?

సర్వర్ నిర్వాహకులు:
సరైన ప్రశ్న. అందుకే ఆ మార్పు పాత కంప్యూటర్లకు కూడా అప్‌డేట్ ద్వారా చేరాలి, అదీ వాడకాన్ని గమనించాకే. వెర్షన్ 1709లో హోమ్, ప్రో రకాలకు ఈ పద్ధతే పెట్టారు: కంప్యూటర్ ఆపి ఉన్న సమయాన్ని లెక్కలోకి తీసుకోకుండా, 15 రోజులపాటు ఎస్ఎంబీ1 క్లయింట్‌ను (వేరే కంప్యూటర్లలోని ఫైళ్లను అందుకునేందుకు వాడే భాగాన్ని) ఎవరూ వాడకపోతే అది దానంతటదే తొలగిపోతుంది. మీరు చెప్పిన మెషిన్ల విషయంలో వాటి నుంచి వచ్చే ఫైళ్లు అందుకునేది కంప్యూటర్‌లోని ఎస్ఎంబీ1 సర్వర్ భాగం కాబట్టి, దాని వాడకాన్ని కూడా ఇలాగే లెక్కించి, రోజూ స్కాన్లు వచ్చే కంప్యూటర్‌ను వదిలేసి, మిగతావాటిలో ఆపివేయడం 2015లోనే జరగాల్సిన పని.